నీళ్లలో చుట్టరికం

ఆ చలికాలం మా ఈతకొలనులో నీళ్లు తోడేశారు. అడుగున టైల్స్ ఊడిపోయి జనం కాళ్లు కోసుకుపోతున్నాయని, మూడు నెలలు మూసిపెట్టి బాగుచేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

నేను అక్కడ కౌంటర్లో పనిచేస్తాను. పొద్దున ఆరింటికి తాళం తీసి, వచ్చినవాళ్ల పేర్లు రిజిస్టర్లో రాసుకుని, లాకరు తాళంచెవి చేతికిచ్చి లోపలికి పంపుతాను. పదకొండేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని మనుషుల రాకపోకలు చూస్తే ఎవరికైనా ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. ఎవరు మానేస్తారు, ఎవరు మానరు, ఎందుకు అన్నది నాకు పట్టుకున్న పిచ్చి. కొత్త తువ్వాలు, కొత్త కళ్లజోడు, ఇంకా ధర చీటీ కూడా తియ్యని టోపీతో ఆరంభశూరులు వస్తారు. రెండో వారానికి ఉండరు. వాళ్లని చూడగానే ఎన్నాళ్లు వస్తారో చెప్పేయగలను. వింత ఏమిటంటే, ఏళ్ల తరబడి వచ్చేవాళ్లు ఎందుకు వస్తున్నారో మాత్రం చెప్పలేకపోయేదాన్ని. అడిగితే మోకాళ్లనో, షుగరనో, నిద్ర పట్టదనో అంటారు. మానేసినవాళ్లకీ అవే మోకాళ్లు, అదే షుగరు.

అందుకని నీళ్లు తోడేసిన రోజు నాలో నేనే ఒక పందెం వేసుకున్నాను. మూడు నెలల తర్వాత ఎవరి అలవాటు నిలుస్తుంది, ఎవరిది పోతుంది? నా పందెం మందుల షాపాయన మీద. ఆరేళ్లలో ఒక్కరోజు మానని మనిషి. వచ్చేవాడు, ఎవరివైపూ చూడకుండా అటు ఇటు నలభై సార్లు ఈది, తల తుడుచుకుని వెళ్లిపోయేవాడు. పూల్‌లో పనిచేసేవాళ్లం ఆయన్ని చాటుగా చేప అనేవాళ్లం.

మానేస్తారనుకున్నది బాతుల గుంపు. ఆ పేరు పెట్టింది కూడా మేమే. ఎనిమిది మంది, అందరూ అరవై దాటినవాళ్లే. ఒక్కరికీ ఈత రాదు. లోతు తక్కువ ఉన్న వైపు నడుము లోతు నీళ్లలో వరసగా నడుస్తారు, గోడ తగిలితే వెనక్కి తిరుగుతారు. నలభై నిమిషాలు నడక, ఆ నలభై నిమిషాలూ కబుర్లే. వాళ్లకి పెద్ద కండక్టరమ్మ. ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. నీళ్లలోకి దిగగానే తలలు లెక్కపెట్టి, ఎనిమిదీ సరిపోతేగానీ "రైట్" అనేది కాదు.

ఆ ఎనిమిది మందిలో మా అత్తయ్య ఒకతె.

అంతకు ఎనిమిది నెలల ముందు అత్తయ్య బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు నీళ్లలో నడిపించమన్నాడు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రోజూ మా ఆయన ఆవిడని ఒక్కో మెట్టూ దింపి, తను నడిపే సరుకుల వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టి పూల్ దగ్గర దింపి, డ్యూటీకి పోయేవాడు. ఇదంతా చూసి మా మరిది ఒక మాట అన్నాడు. అతను వేరే ఊళ్లో వెల్డింగ్ పని చేస్తాడు. వాళ్లది నేలమీది ఇల్లు.

"చలికాలం అయిపోయేలోగా అమ్మ తనంతట తను మెట్లు దిగలేకపోతే నేను తీసుకెళ్తాను వదినా. మీ ఇద్దరూ ఎన్నాళ్లని మోస్తారు?"

అందులో తప్పేమీ లేదు. ఆ రాత్రి మందులిస్తుంటే అత్తయ్య అడిగింది.

"వాడుండే చోట పూల్ ఉందా అమ్మాయ్?"

"ఉన్నట్టు లేదు అత్తయ్యా."

"ఊఁ" అని గోడవైపు తిరిగి పడుకుంది.

* * *

నీళ్లు పోయాయి కదా, ఇంట్లోనే చేయించాలని నేనొక చార్టు గీశాను. గదిలో పది నిమిషాలు నడక, పడుకుని కాలు పైకెత్తడం ఇరవై సార్లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. రోజుకో వరస గళ్లు. చేసింది చేసినట్టు టిక్కు పెట్టాలి. మంచం పక్క గోడకి అంటించి, దారంతో పెన్ను కూడా వేలాడదీశాను. మొదటి వారం గళ్లన్నీ నిండాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో వారం బుధవారం దుప్పటి మారుస్తూ చార్టు వైపు చూశాను.

"అత్తయ్యా, ఇవాళ ఏ వారం?"

"బుధవారం."

"మరి శనివారం దాకా టిక్కులు పడ్డాయేంటి?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చార్టుని తేరిపార చూసింది. రవ్వంత కూడా తడబడలేదు.

"పెన్ను చేతిలో ఉండగానే పెట్టేశాను. రోజూ ఎవరు లేస్తారు?"

"అసలు చేశారా?"

"మొదటి రెండు రోజులు చేశాను."

"తర్వాత?"

"తర్వాత నేను చేసినా చేయకపోయినా ఆ కాగితం ఏమీ అనలేదు."

నాకు ఒళ్లు మండింది. "ఎవరికోసం అత్తయ్యా ఇదంతా? మీకోసమే కదా?"

"నాకోసమే. అందుకే మానగలిగాను. నన్ను నేను ఎప్పటికప్పుడు క్షమించేసుకుంటాను, ఏం పోయింది?"

"పూల్‌కి మాత్రం ఒక్కరోజు మానలేదు. ఒకరోజు ఒళ్లు వెచ్చగా ఉంది, వద్దంటే కూడా వినలేదు."

"అక్కడ వాళ్లుంటారుగా."

"వాళ్లెవరు?"

"వాళ్లంటే..." అత్తయ్య దుప్పటి కొస సర్దుకుంది. "వాళ్లే."

ఆ మాట నా చెవిలో జోరీగలా తిరగసాగింది. మూడో వారానికి ఆవిడ వంటగది దాకా రావడానికి కూడా గోడ పట్టుకోవలసి వచ్చింది. మరిది ఫోన్ చేసి, అమ్మ గదికి గడప తీయించేశానని, బాత్రూములో గోడకి పట్టుకునే కడ్డీలు వేశానని చెప్పాడు. మా ఆయన విని, "మంచిదేలే" అన్నాడు. అని, చాలాసేపు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారం నేను రిజిస్టరు ముందేసుకుని బాతుల గుంపు అడ్రసులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు. మిగతావాళ్లు ఏం చేస్తున్నారో చూడాలనిపించింది, అంతే.

కండక్టరమ్మ ఇల్లు సైకిల్ షాపు వెనక సందులో ఉంది. తలుపు తీసినావిడని చూసి ఇల్లు తప్పాననుకున్నాను. ఇంటినుంచే రబ్బరు టోపీ పెట్టుకుని వచ్చే ఆవిడని ఏళ్ల తరబడి అలాగే చూశాను నేను. ఆ టోపీ కింద నడుము దాకా తెల్లటి జుట్టు ఉందని నాకేం తెలుసు. దుప్పటి కప్పుకునే వెళ్లి మళ్లీ టీవీ ముందు కూర్చుంది.

"మూడు వారాలైందమ్మా గడప దాటి" అంది. "మోకాలు మళ్లీ బిగుసుకుపోయింది."

"మీకు వీధిలో నడవడం కష్టమేం కాదుగా. నడవొచ్చుగా."

"రెండు రోజులు నడిచాను. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సులో నిలబడినదాన్ని. ఖాళీ బండి తిప్పడం నాకు చేతకాలేదు."

"మిగతావాళ్లతో కలిసి నడవాల్సింది."

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. "ఎవరి ఇల్లు ఎక్కడో నాకేం తెలుసు? పేర్లు కూడా సరిగా తెలియవు. ఎర్రటోపీ, నీలంటోపీ, అంతే. ఎర్రటోపీ కూతురికి ఉద్యోగం వచ్చిందా లేదా అని రోజూ అనుకుంటాను. ఎవర్ని అడగను? నీళ్లలోనే మా చుట్టరికం. నీళ్లు పోయాయి, చుట్టరికమూ పోయింది."

"ఎర్రటోపీ మా అత్తయ్యే" అన్నాను. "కూతురు కాదు, మనవరాలు. ఉద్యోగం వచ్చింది."

"వచ్చిందా?" అంటూ దుప్పటి తీసి పక్కన పెట్టింది.

ఆ ఆదివారం, దాని తర్వాతి ఆదివారం కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాను. ఎనిమిది ఇళ్లలోనూ ఒకే కథ. ఎవరికి వారు వారమో పది రోజులో ఏదో చేసి మానేశారు. ఒకావిడ నాలాగే చార్టు గీసుకుంది. ఆఖరున వెళ్లింది గుంపులో ఉన్న ఒకే ఒక్క మగమనిషి దగ్గరికి. గడియారాలు బాగుచేసే తాత. నోట్లో నాలుక లేని మనిషి. నీళ్లలో కూడా అందరి మాటలూ వింటూ చివర్న నడిచేవాడే తప్ప పెదవి విప్పేవాడు కాదు. ఒక్క తలుపున్న చిన్న కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో చిన్న చక్రం పట్టుకుని ఉన్నాడు.

"ఎందుకు మానేశారు తాతా?"

"చలి."

"పూల్‌కి వచ్చినప్పుడూ చలి ఉండేదిగా. అప్పుడెందుకు వచ్చేవారు?"

ఆయన చక్రాన్ని దాని చోటులో పెట్టాడు. ఇంక జవాబు చెప్పడనుకుని నేను లేవబోయాను.

"ఒక్కణ్నే ఉంటాను" అన్నాడు. "చుట్టూ ఇన్ని గడియారాలు. ఇవాళ ఆలస్యమైందేం అని అడిగేవాళ్లు మాత్రం ఇంట్లో ఎవరూ లేరు. అక్కడ అడిగేవాళ్లు."

పదకొండేళ్లుగా నేను వెతుకుతున్న జవాబు అదేనని అప్పటికి నాకు తెలియలేదు. ఇంటికి నడుస్తూ ఆ మాటే పదేపదే అనుకున్నాను.

* * *

వీధుల్లో నడిపిద్దామంటే చలి ఒకటి, పగిలిన ఫుట్‌పాత్ ఒకటి. అత్తయ్య వాకరు రెండడుగులు కూడా కదలదు. ఆలోచించగా ఆలోచించగా నాకు మా పూల్ హాలే గుర్తొచ్చింది. పైకప్పు ఉంది, గాలి రాదు, లోతు తక్కువ వైపు దిగడానికి కడ్డీలున్న మెట్లున్నాయి. లేనివి నీళ్లే.

మేనేజరు గారిని అడిగితే ఆయన నీళ్లు నమిలాడు. "మూసేసిన పూల్‌కి జనం వచ్చినట్టు రిజిస్టర్లో ఎలా రాస్తావమ్మా?"

"రాయను సార్."

"అయితే నేను చూడలేదు" అని ఫైలు మూశాడు.

టైల్స్ మేస్త్రీ అంత తేలిగ్గా వినలేదు. పనివాళ్లు ఎనిమిదింటికి వస్తారు, ఆయన మాత్రం ఆరున్నరకే వచ్చి సామాను చూసుకునేవాడు. "నీళ్లు లేని చెరువులో బాతులకేం పని?" అన్నాడు. తర్వాత తనే లోపలికి దిగి, తక్కువ లోతు వైపు ఒక్కో టైలు మీదా కాలితో కొట్టి చూశాడు. "లోతు వైపు నుంచి ఇటు పని చేసుకుంటూ వస్తాను. ఈ భాగం ఆఖరున ముట్టుకుంటాను. అప్పటిదాకా నడవండి" అని, అడ్డంగా ఒక తాడు కట్టాడు. "తాడు దాటితే మాత్రం నాకు కోపం వస్తుంది."

సోమవారం ఆరింటికి ఎనిమిది మందీ వచ్చారు. హాలు గుమ్మంలో శాలువాలతో, మఫ్లర్లతో నిలబడి ఒకరినొకరు కొత్తవాళ్లలా చూసుకున్నారు. "మీరు పచ్చటోపీనా?" "మీకు ఇంత పొడుగు జుట్టా?" కాసేపు పెళ్లిచూపుల్లా అయింది.

మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. దిగాక అసలు సంగతి తెలిసింది. నీళ్లు వాళ్లని ఇన్నాళ్లూ మోశాయి. ఇప్పుడు ఎవరి బరువు వారిదే. ఖాళీ కొలనులో ప్రతి అడుగు చప్పుడూ గోడలకి కొట్టుకుని తిరిగొస్తోంది. అత్తయ్య వాకరు టక్కు టక్కుమంటూ సగం దూరం పోయి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. నేను గట్టు మీదనుంచి దిగబోయాను. ఈలోగా గడియారాల తాత వెనకనుంచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. అలా నిలబడే ఉన్నాడు, ఆవిడ మళ్లీ అడుగు వేసేదాకా.

ఆ రోజు అత్తయ్య నడిచింది ఒక్క చుట్టు. ఇంటికి వచ్చేటప్పుడు వ్యానులో, "రేపు తాత మఫ్లరు గురించి అడగాలి. చాలా బావుంది, ఎవరు అల్లారో" అంది.

మర్నాడు రెండు చుట్లు. వారం తిరిగేసరికి ఐదు. కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. నీళ్లలో మాట్లాడినవే. ఎవరి కోడలు ఏమంది, ఏ డాక్టరు మంచివాడు, కండక్టరమ్మ బస్సులో ఒకాయన మేకకి కూడా టిక్కెట్టు కొట్టమన్న సంగతి. జలుబని ఒకావిడ ఒకరోజు రాకపోతే కండక్టరమ్మ ఏడు దగ్గర లెక్క ఆపి, "రైట్" అనకుండా నిలబడింది. ఆవిడ ఇల్లు ఇప్పుడు తెలుసు కదా. ఇద్దరు వెళ్లి తీసుకొచ్చారు. అసలు జలుబే లేదట, బద్ధకమట.

* * *

ఆ రోజుల్లోనే అత్తయ్య మాత్రల కోసం మందుల షాపుకి వెళ్లాను. ఆయన కౌంటరు వెనక కూర్చుని ఉన్నాడు. కళ్ల కింద సంచులు, ముఖం ఉబ్బి ఉంది.

"పూల్ ఎప్పుడు తెరుస్తారు?" అన్నాడు.

"ఇంకా నెల పైనే పడుతుంది. మీరు వేరే ఏదైనా చేస్తున్నారా? నడకగానీ..."

"నీళ్లు లేకపోతే నావల్ల కాదండీ. పొద్దున మెలకువ వస్తుంది. లేవాలనిపించదు. లేచి ఏం చేయాలి?"

ఒడ్డున పడ్డ చేపలా ఉన్నాడు. నా పందెం ఆ కౌంటరు మీదే పోయిందని తెలిసింది. ఆరేళ్లు ఒక్కరోజు మానని మనిషి నీళ్లు పోగానే ఒళ్లు కదపడమే మానేశాడు. మాత్రలు తీసుకుంటూ, "పని ఎంతవరకు వచ్చిందో వచ్చి చూసుకోండి, పొద్దున ఆరింటికి తెరిచే ఉంటుంది" అన్నాను. ఎందుకన్నానో ఏమో, ఆయన మీద జాలి కొంత, ఏం జరుగుతుందో చూద్దామని కొంత.

రెండు రోజుల తర్వాత వచ్చాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. కింద బాతుల గుంపు అటు నుంచి ఇటు వస్తోంది.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకండి" అంది కండక్టరమ్మ తల ఎత్తకుండానే. "లోపల ఖాళీ ఉంది."

ఆయన ఇబ్బందిగా నవ్వి దిగాడు. ఈదినట్టే నడిచాడు, తల వంచుకుని, వేగంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు. మూడుసార్లు వాళ్లని దాటిపోయాడు. నాలుగోసారి దాటబోతుంటే అత్తయ్య అడిగింది.

"బాబూ, ఆ తెల్లమాత్ర అన్నానికి ముందా, తర్వాతా?"

ఆయన ఆగాడు. చెప్పాడు. ఇంకొకావిడ తన మాత్ర గురించి అడిగింది. ఆ తర్వాత ఇంకొకరు. చెప్పాలంటే పక్కన నడవాలి, పక్కన నడవాలంటే మెల్లగా నడవాలి. ఆ చుట్టు అయ్యేసరికి ఆయన వరసలో కలిసిపోయాడు. మర్నాడు కండక్టరమ్మ లెక్క తొమ్మిది దగ్గర ఆగింది.

మేస్త్రీ పని మాత్రం ఆగదు కదా. రోజుకో వరస కొత్త టైల్స్ మావైపు వస్తున్నాయి. ఆ వరసతో పాటు తాడూ జరుగుతోంది. మొదట్లో ఇరవై అడుగులున్న నడక పదిహేనైంది, పదైంది. ముందుకి నడిచే చోటు లేక పక్కలకి నడిచారు. తర్వాత గుండ్రంగా తిరిగారు. ఆఖరి వారం ఆరడుగుల జాగాలో తొమ్మిది మంది గానుగెద్దుల్లా తిరుగుతుంటే మేస్త్రీ సిమెంటు తట్ట పక్కన పెట్టి నవ్వు ఆపుకున్నాడు.

"రేపు మెట్ల దగ్గర తవ్వాలమ్మా" అన్నాడు నాతో నెమ్మదిగా. "రెండు రోజులు ఆపగలిగాను. ఇంక ఆపలేను."

ఆ రేపటికే నన్ను హెడ్డాఫీసుకి రమ్మన్నారు. రిజిస్టరు కంప్యూటర్లో ఎక్కించడం నేర్పుతారట. తాళాలు మేస్త్రీకిచ్చి, రేపటికి గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుని వెళ్లిపొమ్మనండి, అత్తయ్యని మాత్రం మా ఆయన వచ్చేదాకా కదలనివ్వకండి అని చెప్పాను.

పదిన్నరకి తిరిగొచ్చాను. హాల్లో మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పేరుస్తున్నాడు. గోడకి ఆనించి అత్తయ్య వాకరు ఉంది. అత్తయ్య లేదు.

"మా అత్తయ్యేరీ?"

"వెళ్లారుగా."

"ఎక్కడికి?"

"ఏమో మరి. చోటు అయిపోయింది, కబుర్లు అవలేదు. మాట్లాడుకుంటూ బయటికి వెళ్లారు."

"మా ఆయన రాలేదా?"

"వచ్చి చూసి, అటే వెళ్లాడు."

ఇల్లు మూడు వీధుల అవతల. పరుగులాంటి నడకతో వచ్చాను. పగిలిన ఫుట్‌పాత్ ప్రతి గుంతలోనూ అత్తయ్య పడినట్టే కనిపించింది. మెట్లు ఎక్కుతుంటే రెండో మలుపులో మాటలు వినిపించాయి. మా గుమ్మం ముందు పది జతల చెప్పులు. లోపల సోఫాలో, కుర్చీల్లో, కింద చాప మీద మనుషులు. నా వంటగదిలో కండక్టరమ్మ టీ కాస్తోంది. ఏ డబ్బాలో ఏముందో అన్నీ తెలిసిపోయినట్టున్నాయి. మా ఆయన గోడకి చేరబడి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కిటికీ వైపు చూపించాడు.

అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టంతా చెదిరి, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"మెట్లెలా ఎక్కారు?" అన్నాను.

"ముప్పై ఆరు మెట్లు. కండక్టరమ్మ మలుపు మలుపుకీ స్టాపని ఆపింది. ఒక స్టాపులో మరీ ఎక్కువసేపు ఆగిందిలే, కింది ఇంటావిడతో కబుర్లు పెట్టుకుని."

"వాకరు పూల్‌లోనే ఉంది అత్తయ్యా."

ఆవిడ నావైపు చూసింది, ఒళ్లో ఖాళీగా ఉన్న తన చేతులవైపు చూసుకుంది.

"అయ్యో, మరిచిపోయాను" అంది. తర్వాత నీలంటోపీ వైపు తిరిగి, "ఆఁ, మీ తమ్ముడు ఏమన్నాడంటున్నారు?" అని అడిగింది.

* * *

చలి తగ్గే రోజుల్లో కొలనులో నీళ్లు పెట్టారు. నా పందెం సగమే ఓడిపోయానని చెప్పాలి. మందుల షాపాయన మొదటిరోజే వచ్చాడు. కానీ ముప్పై సార్లే ఈదాడు. మిగతా పదీ బాతులతో నడిచాడు. ఇదివరకు ఒంటరిగా ఈదేవాళ్లలో సగం మంది మళ్లీ కనపడలేదు. బాతుల్లో ఒక్కరూ తగ్గలేదు.

ఆ వారాంతంలో మరిది కారు వేసుకుని వచ్చాడు. వెనక సీటు మడిచి మెత్తటి పరుపు కూడా వేసి తెచ్చాడు, వాళ్లమ్మకి దారిలో కుదుపులు తగలకుండా. భోజనం దగ్గర అత్తయ్య మెల్లగా చెప్పింది.

"నేను రాలేనురా."

అతను చెయ్యి కంచంలోనే ఆపేశాడు. "గది మొత్తం సిద్ధం చేశానమ్మా. గడప కూడా తీసేశాను. నా దగ్గర ఏం తక్కువ?"

"ఏమీ తక్కువ లేదు. నీ అంత బాగా ఎవరూ చూసుకోరు. అదే చెప్తున్నా. పొద్దున నేను లేవనంటే నువ్వు దుప్పటి సరిగా కప్పుతావు. వీళ్లు లాగేస్తారు."

"ఎవరమ్మా వీళ్లు? చుట్టాలా పక్కాలా?"

అత్తయ్య ఇబ్బందిగా నావైపు చూసింది. "పూల్‌లో కలిసినవాళ్లు" అన్నాను. చెప్పాక చాలా చిన్న మాటలా వినిపించింది.

మరిది మొహం చిన్నబోయింది. చెయ్యి కడుక్కుని కిందికి వెళ్లాడు. కారెక్కి వెళ్లిపోతాడేమోనని మా ఆయన వెనకాలే వెళ్లాడు. అన్నదమ్ములిద్దరూ మెట్ల దగ్గర చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. కాసేపటికి కింద డ్రిల్లు చప్పుడు మొదలైంది.

మా మెట్లకి ఒకవైపే కడ్డీ ఉంది. రెండోవైపు ఉత్త గోడ. మరిది కారు డిక్కీలోంచి తన పనిముట్లు తీసి, టేపుతో కొలిచి, ఇనుప సామాను కొట్టుకి వెళ్లి పైపులు తెచ్చి, సాయంత్రం చీకటి పడేదాకా ఆ గోడకి కడ్డీ బిగించాడు. వెల్డింగ్ చేసిన ప్రతి అతుకునీ గీకి నున్నగా చేశాడు. నేను టీ ఇస్తే తాగుతూ అడిగాడు.

"వదినా, మధ్యాహ్నం అమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. గడియారాల తాతట. ఇవాళ మబ్బుగా ఉంది, మీ ఎడమ మోకాలు నొప్పెడుతుంది, వేడినీళ్లు పెట్టుకోండి అంటోంది. ఆయన ఎడమ మోకాలి సంగతి అమ్మకెలా తెలుసు?"

"రోజూ పక్కన నడుస్తుందిగా."

"నా మోకాలు కూడా నొప్పెడుతుంది" అన్నాడు. "ఎవరికీ తెలియదు."

మర్నాడు పొద్దున ఆరు కాకముందే కింద గేటు దగ్గర మాటలు వినిపించాయి. అత్తయ్య శాలువా కప్పుకుని గుమ్మం దాటింది. మరిది నిద్రమొహంతోనే వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"వదులురా" అంది. "రెండు పక్కలా పెట్టావుగా."

అతను వదిలాడు. ఆవిడ రెండు కడ్డీలూ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. మలుపులో కనపడకుండా పోయింది. అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అతను పైమెట్టు మీద కదలకుండా నిలబడి విన్నాడు. గేటు తెరుచుకున్న చప్పుడైంది. కింద ఎవరో ఏదో అన్నారు. అత్తయ్య నవ్వింది, అంతా కలిసి నవ్వారు.

"ఏమన్నారు వదినా?" అన్నాడు.

"నాకూ వినపడలేదు. పద, తాళం తీయడానికి ఎలాగూ వెళ్లాలి. వెళ్లి అడుగుదాం."

అతను జేబులోంచి కారు తాళాలు తీసి టీవీ పక్కన పెట్టేసి, చెప్పులు వేసుకున్నాడు.